సురంగ్ బావిల ఇనుప చప్పుడు

నౌబాద్ దాటి జనవాడ తొవ్వ పట్టుకుంటె చేన్ల నడుమ వరుసగ బావులు కనవడతయి. నిజానికి అవి బావులు కావు. ఎన్నడో సుల్తాన్ల కాలంల నీళ్ల కోసం భూమి లోపల కాలువ తవ్విన్రు. దానికి గాలాడనీకి పైన పెట్టిన నోళ్లవి. సురంగ్ బావి అంటరు.

చీకటి పడ్డంక ఆ నోళ్ల పక్క నుంచి ఎవ్వరు పోరు. పోక తప్పకపోతె తమ నోట్ల ఒక గులకరాయి పెట్టుకొని పోతరు. ఎందుకంటె… లోపలి నుంచి పిలుపొస్తదంట. నోట్ల రాయుంటె పలకనీకి రాదు. పలికినోడు ఇంటికి రాడు — గంతే.

ఇప్పుడు చెప్పేది సొలొమోనుకు అయిన సంగతి. అతని వాడకట్టోళ్లు చెప్పంగ విన్నదే.

మైసూరు రాష్ట్రం పేరు పోయి కర్ణాటక అని వచ్చిన కొత్తల్ల ముచ్చట. సొలొమోను బస్సులు రిపేర్ చేసే పనిల ఉండె. పక్కింట్ల అతని వదిన హేబ్సిబా మిషన్ కుట్టుకుంట బతుకుతుండె. ఆమె మొగడు, అంటె సొలొమోను అన్న అబ్బయ్య, ఒక యుద్ధనౌక ఇంజన్ గదిల కొలువు చేసి, ఆ ఓడలనే పోయిండు.

ఒకనాడు సముద్రం నడుమ ఆవిరి గొట్టం పగిలి ఇంజన్ గది అంటుకున్నది. మంట ఓడంత పాకొద్దని బయటి నుంచి గుండ్రటి మేకుల ఇనుప తలుపు మూసేసిన్రు. అబ్బయ్య లోపలనే ఉండిపోయిండు. శవాన్ని సముద్రానికే ఇచ్చిన్రు. అతనితోటి పనిచేసినాయన ఒకసారి ఇంటికొచ్చి, తలకాయ వంచుకొని ఆ సంగతి చెప్పిండు.

"తలుపు కొడుతనే ఉన్నడమ్మా… తియ్యొద్దని హుకుం."

"ఎంతసేపు కొట్టిండు?" అని అడిగింది హేబ్సిబా.

ఆయన లేచి చెప్పులేసుకున్నడు.

ఏండ్లు గడిచినయి. ఒకనాడు సొలొమోను హుమ్నాబాద్ లారీ డ్రైవర్ నోట ఒక మాట విని ఇంటికి ఉరికొచ్చిండు.

"వదినా, అన్న ఉన్న ఓడ పాతబడ్డదంట. బొంబాయిల ఒడ్డుకు కట్టేసి మ్యూజియం చేసిన్రంట. టికెట్ కొని ఎవలన్న ఎక్కొచ్చు. ఇంజన్ గది దాక తోలుకపోయి చూపెడతరంట."

హేబ్సిబా మిషన్ ఆపింది.

"ఆ తలుపు ఉంటదా?"

"ఎందుకుండదు?"

"అయితె పోదాం. ఒక్కసారి దాన్ని నా చేతులతోని తెరవాలె."

ఇగ ఆ దినం సంది ఇంట్ల వేరే మాట లేదు. హుమ్నాబాద్ దాక బస్సు. అక్కడ లారీ ఎక్కితె డ్రైవర్ షోలాపూర్ల దింపుతనన్నడు. ఆడికెళ్లి రైలు. సముద్రమంటె ఎరుగని హేబ్సిబా, రోజొక మాట అడుగుతుండె — "నిలవడ్డ ఓడ గూడ ఊగుతదా? ఆడోళ్లను ఇంజన్ కాడికి రానిస్తరా? తలుపు తుప్పు పట్టి ఉంటె ఎట్ల?" జొన్న రొట్టెలు కరకర ఎండబెట్టింది. పల్లి చట్నీ దంచింది. తెల్లారితె ప్రయాణమనంగ పెట్టె లేదని యాదికొచ్చింది. సొలొమోను జనవాడల చిన్నమ్మ ఇంటికి పోయి రేకు పెట్టె అడిగి తెస్తుండు.

చలికాలం… పొద్దు తొందరగనే గూకింది.

నోట్ల గులకరాయి పెట్టుకున్నడు. పెట్టె భుజాన ఉంది. మొదటి నోరు దాటిండు, రెండోది దాటిండు…

ఠంగ్… ఠంగ్… ఠంగ్…

కాళ్లు ఆగినయి. ఇనుము మీద ఇనుము కొట్టిన సప్పుడు. లోపల ఉండేది మట్టి, రాయి. ఇనుము ఏడికెళ్లి వస్తది?

ఠంగ్… ఠంగ్…

దాని ఎనకనే సన్నగ గొంతు — "తియ్యుండ్రి… నన్ను తియ్యుండ్రి…"

సొలొమోను దవడ వదులైంది. రాయి జారి కింద పడ్డది.

"అన్నా…"

పలికిండు!

లోపల సప్పుడు జోరైంది. "నేనేం చెయ్యాలె అన్నా… నా చేతుల ఏమున్నది…" అనుకుంట పెట్టె ఆడనే పారేసి, చెప్పులు పోయినా చూడకుండ ఉరికిండు.

ఇంటికొచ్చి వదినకు గుసగుసగ అంత చెప్పిండు. హేబ్సిబా లాంతరు అంటుపెట్టింది. చేదబావి తాడు చుట్టి చంకల పెట్టుకుంది.

"పా."

"వదినా… నేను పలికిన…"

"పలికితె పలికినవ్ తియ్యి. పా."

నోటి కాడ ఆమె బోర్ల పండి చెవి పెట్టింది. లోపలి నుంచి మళ్ల గొంతు… మూలుగు లెక్క. హేబ్సిబా తల లేపింది.

"మీ అన్న గొంతు నాకు ఎరుకలేదా? ఇది ఆయన కాదు. బతికున్న మనిషి. తాడు వదులు."

తాడు బరువెక్కింది. ఇద్దరు కలిసి గుంజంగ గుంజంగ ఒక మనిషి పైకొచ్చిండు. జనవాడల మేకలు కాసే ఖండప్ప. మేకపిల్ల పడ్డదని దిగి, కాలు విరగ్గొట్టుకున్నడంట.

"నిన్నటి సంది ఒర్లుతున్న తల్లీ… పైన అడుగుల సప్పుడు వినవడుతుండె. నా గొంతు ఇని అందరు ఉరికిన్రు."

సొలొమోను సిగ్గుతోని తల పట్టుకున్నడు. తర్వాత నవ్వొచ్చింది. దెయ్యం కాదు, ఖండప్ప!

హేబ్సిబా నవ్వలే. "ఇనుము దేంతోని కొట్టినవ్?" అని అడిగింది.

ఖండప్ప ఆమె మొకం చూసిండు.

"నేను కొట్టలేదమ్మా. నా తాన ఏమున్నది? లోపల ఇంకొకాయన ఉన్నడు… సీకట్ల కనవడలే. నేను పడ్డప్పటి సంది కొడుతనే ఉన్నడు. ఆ సప్పుడుకు ఎవలన్న వస్తరని నేను పానం పట్టుకొని ఉన్న."

ఠంగ్…

ఈసారి పక్క నోట్లకెళ్లి వచ్చింది.

హేబ్సిబా తాడు గుంజుకొని ఉరికింది. ఎనక సొలొమోను. తాడు వదిలిన్రు… ఎవ్వరు పట్టలే. సప్పుడు ఆ పక్క నోటికి జరిగింది. ఆడికి ఉరికిన్రు. అది ఇంకా ముందుకు జరిగింది. పెండ్లయిన సంది మొగన్ని ఎన్నడు పేరు పెట్టి పిలువని మనిషి, నోట్లకు వంగి —

"అబ్బయ్యా… జర ఆగు… నేనొచ్చిన…"

ఆఖరి నోరు. పసులు పడకుండ దాని మీద బండ మూసి ఉన్నది. సప్పుడు సరిగ్గ ఆ బండ కింద.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

ఇద్దరు నూకిన్రు. భుజం పెట్టిన్రు. గోర్లు పోయినయి. పది మంది పట్టినా లేవని బండ అది.

"తెరువు సొలొమోనూ…"

"కదుల్తలేదు వదినా…"

"తెరువురా… నీ కాళ్లు మొక్కుత…"

సొలొమోను ఏడుస్తుండు. హేబ్సిబా అరచెయ్యి బండకు ఆనించి, పండ్లు బిగపట్టి నూకుతనే ఉంది. లోపల సప్పుడు ఆగి ఆగి వచ్చింది… ఇంకా ఆగి… ఇగ రాలే.

తెల్లారినంక జనం ఖండప్పను మంచం మీద మోసుకపోయిన్రు. గడ్డపారలు తెచ్చి బండ లేపిన్రు. లోపల ఎండిన మట్టి. నోటికి అడ్డంగ సాలెగూడు, ఒక్క పోగు గూడ తెగలే. "ఏం లేదు పోండ్రి" అన్నరు. అప్పటికే హుమ్నాబాద్ బస్సు పోయింది.

హేబ్సిబా పిడికిలి మూసుకొని ఇంటికి నడిచింది. ఎంత అడిగినా తెరవలే. పోయిన గోర్లకు పెడ్తనని కొబ్బరినూనె గిన్నె తెచ్చి సొలొమోనే మెల్లగ ఆమె వేళ్లు విప్పిండు.

అరచెయ్యంత కాలి ఉంది. కాలిన తోలు మీద వరుసగ, ఒక్కతీరుగ గుండ్రటి అచ్చులు…

బస్సు రేకుల మీద అతను రోజు చూసేటియే. రివిట్లు.