గుడ్ల అరలో మందు సీసా

"చేపల మందు ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" పొద్దుటి నుంచి అమ్మ అలా అడగడం మూడోసారి.

"సీల్ వేసిన సీసా అమ్మా. హేచరీలో ఫ్రిజ్ పాడైందని చెప్పానుగా."

"నెల్లాళ్ళ నుంచా? ఫ్రిజ్‌కేమైనా టైఫాయిడ్ వచ్చిందా?"

నానమ్మ కిసుక్కున నవ్వింది. "గుడ్లు పెట్టడానికి కూడా ఇంజెక్షనేమిటే?"

"ఏట్లో ఈ రకమే కనిపించడం లేదు నానమ్మా. మా దగ్గరున్నవి రెండు జంటలు. తొట్టినీళ్ళలో ఇంజెక్షన్ లేనిదే గుడ్లు పెట్టవు."

"చేపల సంగతి సరే, నీ సంగతేమిటి?" అన్నాడు నాన్న. "ఆ సంబంధం వాళ్ళకి సాయంత్రం ఔననో కాదనో చెప్పాలి."

గేటు దగ్గర ఐస్ బాక్స్‌తో నిలబడ్డ హేచరీ టెక్నీషియన్‌కి ఆ మాట స్పష్టంగా వినబడింది. ఎప్పటిలాగే మందు తీసుకున్నాడు. ఎప్పటిలాగే మంచినీళ్ళు అడిగి, గ్లాసెడు నీళ్ళూ పావుగంట తాగాడు.

హేచరీలో ఆమె తడిగుడ్డతో చేప కళ్ళు మూసి పట్టుకుంటే, అతను రెక్క మొదట్లో సూది దించాడు.

"ఆడదానికి పూర్తి డోసు. మగదానికి సగం చాలు."

"సగానికే అంత హుషారా?"

"నాకు ఆ సగమూ పడలేదు మేడమ్. అందుకే మీ ఇంట్లో నీళ్ళు తాగి వచ్చేస్తున్నాను." గొంతు సవరించుకున్నాడు. "నిజానికి మన ఫ్రిజ్ పదిరోజుల కిందటే బాగైంది."

"తెలుసు. మెకానిక్‌ని పిలిపించింది నేనే."

అతను సిరంజి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ కంగారులోనే నాలుగు చేపల్నీ రెండేసి చొప్పున తొట్లలో వదిలాడు.

సూదులు వేసి ఆరు గంటలైంది. వాన మొదలైంది. తొట్లలో అలికిడి లేదు. ఆమె చెయ్యిపెట్టి రెక్కలు తడిమింది. మగవాటి రెక్కలు గరుకుగా ఉండాలి. ఇవి నున్నగా ఉన్నాయి.

"ఈ తొట్టిలో రెండూ ఆడవే! రెక్క తడమలేదా మీరు?"

"మెకానిక్ మాట విన్నాక ఏం తడిమానో నాకే తెలీదు!"

పక్క తొట్టిలో రెండు మగచేపలూ ఎడమొహం పెడమొహంగా తిరుగుతున్నాయి.

"త్వరగా! ఇంకాస్త ఆలస్యమైతే గుడ్లు కడుపులోనే పాడవుతాయి!"

మగచేపను గుండెలకి హత్తుకుని పరుగెత్తుకొచ్చిన అతను, దానితో సహా తొట్టిలో పడ్డాడు. కాసేపటికి నీళ్ళు సుళ్ళు తిరిగాయి. అతని మోకాళ్ళ చుట్టూ సన్నని ముత్యాల్లా గుడ్లు తేలాయి.

"సాయంత్రం మీ నాన్నగారికి ఏం చెబుతారు మేడమ్?" మోకాలిలోతు నీళ్ళలోంచే అడిగాడు.

"అడగాల్సినవాళ్ళు అడిగితే కదా, చెప్పడానికి!"

"నన్ను చేసుకుంటారా?"

"చేసుకుంటాను. ముందు బయటికి రండి, పాపం అవి సిగ్గుపడుతున్నాయి."

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి నాన్న ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. అమ్మా, నానమ్మా అటూ ఇటూ కూర్చున్నారు.

ఆమె తడిజుట్టు వెనక్కి తోసుకుంది.

"వాళ్ళకి కాదని చెప్పేయండి నాన్నా," అంది మెల్లగా. "మా టెక్నీషియన్ ఇవాళ అడిగాడు. నేను సరేనన్నాను."