చల్లగదిలో దగ్గు

పర్చూరు రోడ్డు మీద గౌస్ బాషాగారి పత్తి మిల్లు ఉంది చూశారూ… ఆ మిల్లుని ఆనుకుని మేడ. ఆ మేడ మీద తూర్పు వైపు గది. దాన్ని ఊళ్లో చల్లగది అనేవాళ్లు. దాని కిటికీ కింద సందులో చీకటి పడ్డాక ఎవరూ నడిచేవాళ్లు కాదు. ఎంత దగ్గర దారైనా సరే, చుట్టూ తిరిగే వెళ్లేవాళ్లు. పగలు మాత్రం అదే సందులో నిలబడి, బీడీ వెలిగించుకుని, దెయ్యాలేమిటి మన పిచ్చి కాకపోతే అని నవ్వే మగాళ్లు బోలెడుమంది.

ఆ గదిలో రాత్రిపూట ఆడమనిషి దగ్గుతుందట.

ఎవరో పరాయి మనిషి కాదు — బాషాగారి భార్య కరీమున్. ఎనభై మూడు ఎండాకాలంలో, మిల్లు ముమ్మరంగా ఆడే రోజుల్లో, ఉబ్బసంతో ఆ గదిలోనే పోయింది. మిల్లు దూది ఆవిడ ఊపిరికి పడేది కాదు. ఆవిడ కోసమే బాషాగారు అంతకు ముందేడు మద్రాసు నించి ఏసీ మిషను తెప్పించి కిటికీలో బిగించాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో అదే మొదటిది. దాన్ని చూడ్డానికి జనం బళ్లు కట్టుకుని వచ్చారు.

మనిషి పోయింది. మిషను ఉండిపోయింది.

ఆవిడ పోయాక అక్కడ పడుకున్నది ఇద్దరే. మొదటివాడు దాచేపల్లి నించి వచ్చిన బాషాగారి మేనమామ — నడిరేయి దుప్పటి చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చి, తెల్లారేదాకా గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. రెండోవాడు పత్తి కొనడానికొచ్చిన సేటు — చెప్పులు అక్కడే వదిలేసి బస్టాండుకి నడిచాడు. ఇద్దరూ చెప్పింది ఒక్కటే. దీపం మసకబారుతుంది… ఎవరో మూలుగుతారు… దగ్గుతారు. ఆ తరవాత నేలంతా తడి. అప్పుడే స్నానం చేయించిన మనిషి లేచి నడిచినట్టు.

గదికి తాళం పడింది.

మరుసటేడు మళ్లీ పత్తి రోజులొచ్చాయి. కరీమున్ కూతురు మస్తాన్‌బీకి ఏడేళ్లు. తల్లి కళ్లూ, తల్లి జుట్టూ, తల్లి ఉబ్బసం — మూడూ వచ్చాయి పిల్లకి. గుంటూరులో చూపిస్తే డాక్టరు దాచకుండా చెప్పాడు. ఈ ఎండాకాలం దూది గాలి తగలకుండా చూసుకుంటే పిల్ల నిలదొక్కుకుంటుంది, మళ్లీ గట్టిగా వస్తే మాత్రం తన చేతిలో లేదు అన్నాడు.

ఎక్కడికి పంపుతారు? దర్శిలో అమ్మమ్మ ఇంటి ముందే మిరప కల్లం, కాయ ఎండుతుంటే వీధి వీధంతా తుమ్ముతుంది. మేనత్త ఇంటి పక్కన పొగాకు కాల్చే బ్యారన్లు. అన్ని వందల ఎకరాల సీమలో ఒక పిల్ల ఊపిరి పీల్చుకోడానికి జానెడు చోటు కరువైంది. తలుపులూ కిటికీలూ బిగించి, గాలి చొరని గది ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అదేదో మీకు తెలుసు.

అప్పుడు పిలిపించారు రెబ్కాని. మిషనాసుపత్రిలో పన్నెండేళ్లు ఆయాగా చేసి, ఆ తరవాత ఇళ్లల్లో రోగుల దగ్గర రాత్రిళ్లు కూర్చునే మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. దెయ్యాలని నమ్మనని అందరికీ చెప్పేది. బైబిలు తలకింద లేనిదే మాత్రం కన్ను మూసేది కాదు.

బాషాగారి తల్లి రహమతున్నీసా మెట్లకి అడ్డం కూర్చుంది. కోడలు కూతుర్ని తీసుకుపోడానికే తిరుగుతోందనీ, పిల్లని పైకి ఎక్కించాలంటే తన శవం మీంచి ఎక్కించమనీ అంది. బాషాగారు ఏమంటాడో అని రెబ్కా చూసింది. ఆయన గోడ వంక చూశాడు. ఆడవాళ్లు పోట్లాడుకుంటున్నప్పుడు గోడలో ఏం కనపడుతుందో గానీ, మగాళ్లందరూ అటే చూస్తారు.

"కింద ఉంటే దూది తీసుకుపోతుంది, పైన ఉంటే దెయ్యం తీసుకుపోతుందంటున్నారు," అంది రెబ్కా. "నేను దెబ్బలాడగలిగింది దెయ్యంతోనే మామ్మగారూ. జరగండి."

పిల్లని భుజాన వేసుకుని మెట్లెక్కేసింది.

తాళం తీయగానే వాసన. తడిబట్టల్ని మూటగట్టి మరిచిపోతే వస్తుందే, అదీ. గదిలో ఒక మంచం, గోడకి అద్దం, పైన కరెంటు దీపం, కిటికీలో ఆ పెద్ద పెట్టె. రెబ్కా మీట తిప్పింది. పెట్టె గుర్రుమని, కాసేపటికి చల్లగాలి వదిలింది. పిల్లకి ఉబ్బసం మాత్ర మింగించి, దిళ్లు ఎత్తుపెట్టి పడుకోబెట్టింది.

"మా అమ్మ ఇక్కడే ఉందంటగా?" అని గొంతు తగ్గించి అడిగింది పిల్ల.

"ఉంటే నిద్రపోతుంటుంది. నువ్వూ పడుకో అమ్మలూ."

పది దాటింది. మిల్లు ఆగింది. అప్పటిదాకా చెవుల్లో మోగిన రొద ఒక్కసారి తెగిపోయేసరికి గది పెద్దదైపోయినట్టు అనిపించింది…

దీపం మసకబారింది.

ఊఁ…

మూలుగు. గోడలోంచి. మంచం కోళ్లకి కూడా తెలిసేంత వణుకు. రెబ్కా అరచెయ్యి మంచం పట్టె మీద ఆనించింది. పట్టె సన్నగా అదురుతోంది.

టక్.

మూలుగు ఆగింది. దీపం మళ్లీ వెలిగింది. వెలిగీ వెలగడంతోనే… దగ్గు.

ఖళ్… ఖళ్ ఖళ్…

ఎండిపోయిన దగ్గు. గుండెలో ఏదో అడ్డం పడి, బయటికి రాక, విరిగి విరిగి వచ్చే దగ్గు. పన్నెండేళ్లలో ఎన్ని వందల రొమ్ముల్లోంచి విందో రెబ్కా, పోల్చుకోలేకపోవడానికి లేదు.

టప్… టప్…

కిటికీ కింద గోడ మీద నల్లగా తడి చార. చార నేలకి దిగింది. నేల మీద పాకింది. మంచం కిందికి వస్తోంది… రెబ్కా పాదానికి తగిలింది. అంతలో మెడ మీద గాలి. ఇందాకటి చల్లగాలి కాదు — వెచ్చన. జ్వరమొచ్చిన మనిషి వెనకనించి వంగి ఊపిరి వదిలినట్టు.

వెనక్కి తిరిగి చూడలేదు రెబ్కా. చూడలేకపోయిందని ఆవిడే చెప్పింది తరవాత.

మస్తాన్‌బీ లేచి కూర్చుంది. భుజాలు ఎగరేస్తోంది, డొక్కలు లోపలికి పోతున్నాయి. ఈల వేసినట్టు ఊపిరి. "అమ్మ…" అంటోంది, కిటికీ వైపు చూస్తూ.

కింద గుమ్మంలో ముసలావిడ కేకలేస్తోంది, పిల్లని తెచ్చెయ్యమని. రెబ్కా పిల్లని ఎత్తుకుంది. తలుపు దాకా వెళ్లింది. గడియ మీద చెయ్యి వేసింది. వేసి ఆగిపోయింది. తలుపు అవతల దూది ఉంది. ఈ ఎగశ్వాసలో పిల్లని ఆ గాల్లోకి దించితే తెల్లారేసరికి ఏమవుతుందో దెయ్యాన్ని అడగనక్కర్లేదు.

అక్కడే, తలుపుకి ఆనుకుని, నేల మీద కూలబడి, చేతి గడియారం చూస్తూ పిల్ల ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆసుపత్రి అలవాటు. ఎంత భయమేసినా ముందు లెక్క. నిమిషానికి నలభై నాలుగు. మళ్లీ చూసింది. నలభై ఆరు…

దీపం మసకబారింది. మూలుగు. టక్. దగ్గు.

లెక్క ఆపలేదు రెబ్కా. నాలుగు నిమిషాలు గడిచాయి. మసక, మూలుగు, టక్, దగ్గు. ఇంకో నాలుగు. మళ్లీ.

గడియారం ముల్లు వంక తేరిపార చూసింది. మూడుసార్లు వచ్చింది దగ్గు, మూడుసార్లూ నాలుగేసి నిమిషాలకే వచ్చింది. ఒక్క సెకను ఇటూ అటూ లేదు. రోగి దగ్గు అలా ఉండదు. ఒకసారి తరుముకొస్తుంది, ఒకసారి గంట ఊరుకుంటుంది. పన్నెండేళ్లలో గడియారం చూసుకుని దగ్గిన రోగిని ఆవిడ చూడలేదు.

లేచి వెళ్లి మిషను మీట కట్టేసింది.

నాలుగు నిమిషాలు… దగ్గు లేదు. ఎనిమిది… లేదు. నీళ్ల చుక్క మాత్రం టప్ టప్ మంటూనే ఉంది. మీట తిప్పింది. దీపం మసక. మూలుగు. టక్. ఖళ్ ఖళ్ మంటూ పెట్టె పెట్టంతా చట్రంలో కొట్టుకుంది.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదంటే — ఆ గదిలో మిషను వేసుకోకుండా పడుకున్నవాడు లేడు. ఆ చల్లగాలి కోసమే కదా వెళ్లేది.

మీట కట్టేసి, పెట్టె ముందు జాలీ ఊడదీద్దామని తల్లో పిన్ను తీసి మర గాడిలో పెట్టింది. గాడిలో పిన్ను దిగలేదు. ఇంకేదో అడ్డం ఉంది. దీపం వెలుగు పడేలా పక్కకి జరిగి చూసింది. తుప్పుపట్టిన పిన్ను ముక్క… తన పిన్నులాంటిదే. ఎవరో అంతకు ముందే ఆ మర విప్పబోయారు. విప్పలేక విరగ్గొట్టుకున్నారు.

ఆ రాత్రి మొత్తంలో రెబ్కా ఒళ్లు నిజంగా జలదరించింది అప్పుడు.

ఆ ముక్కని గాడిలోంచి ఊడబెరికి కొంగున ముడేసుకుని, మందు పోసే చెంచా కాడతో మర తిప్పి జాలీ లాగింది. లోపల తెల్లగా ఉంది. పెట్టె నోరంతా కప్పేసి, శవానికి చుట్టే కఫను గుడ్డలా తెల్లగా. వేలు పెట్టింది. మెత్తన. తడి. ఐసులాంటి చల్లన.

దూది. వేలు మందాన దూది పరుపు.

దాన్ని పీకి బకెట్లో పడేసి, గది మూసే ఉంచి, తెల్లారేదాకా పిల్లని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని విసనకర్రతో విసిరింది. నలభై ఆరు నలభై అయింది. ముప్పై రెండయింది. కోడి కూసే వేళకి పిల్ల నిద్రపోయింది.

పొద్దున్నే గుంటూరుకి కబురు పెడితే, సినిమాహాళ్ల ఏసీలు చూసే మెకానిక్ నాగూర్ వలి మధ్యాహ్నానికి వచ్చాడు. సందులో నిచ్చెన వేసుకుని ఎక్కి, పెట్టె వెనక భాగం చూసి, మండువేసవిలో దీనికి దుప్పటి కప్పిన మహానుభావులు ఎవరని అడిగాడు.

వెనకంతా గోనెపట్టా. చక్కగా కొలిచి, మూలలు మడిచి, దబ్బనంతో కుట్టి ఉంది.

కుట్టింది రహమతున్నీసా. తప్పేముంది? ఆ ఇంట్లో రేడియోకి గోనె తొడుగు, కుట్టుమిషనుకి గోనె తొడుగు, నీళ్ల కాగుకి కూడా గోనె మూత. మిల్లు పక్క కాపరం — దూది పడకూడదనుకున్న ప్రతి దానికీ తొడుగు కుట్టడమే ఆవిడ ఎరిగిన జాగ్రత్త. మిషను బిగించిన వారంలోనే దీనికీ కుట్టించి కట్టించింది.

ముందు దూది, వెనక గోనె, ఇక గాలి ఎక్కణ్ణించి ఆడుతుందండీ, అన్నాడు నాగూర్ వలి. వేడికి తట్టుకోలేక ఆగిపోతుంది, చల్లారగానే మళ్లీ లేవబోతుంది, దీపాల కరెంటు కూడా లాగేసుకుని, లేవలేక మూలుగుతుంది. నీళ్లు పోయే కన్నం పూడిపోతే గదిలోకి కారతాయి. వేడిగాలి కొట్టిన మొదటి రోజే పిలవాల్సింది. లోపలి జాలీ పదిహేను రోజులకోసారి కడగమని బిగించినవాళ్లు చెప్పే ఉంటారు కదా అన్నాడు.

చెప్పారు. బాషాగారికి చెప్పారు. ఆయన మిల్లు నించి వచ్చి ఒళ్లు దులుపుకునేది ఆ గది గుమ్మంలోనే.

"ఇదెప్పటి దూది?" అని అడిగింది రెబ్కా, బకెట్ చూపిస్తూ.

"ఆవిడ పోయాక మిషను ఆడింది మూడు రాత్రిళ్లేనంటున్నారు కదమ్మా. ఇదంతా ఆవిడ ఉన్నప్పటిదే," అన్నాడు నాగూర్ వలి.

రెబ్కా కొంగు ముడి విప్పి, తుప్పుపట్టిన పిన్ను ముక్క తీసి ముసలావిడ అరచేతిలో పెట్టింది. ముసలావిడ దాన్ని చూసి మెల్లిగా కింద కూర్చుంది.

"చెప్పిందమ్మా," అంది చివరికి. "మిషను దగ్గుతోందత్తయ్యా అని చెప్పింది. నీ దగ్గు దానికి కూడా అంటించావా అన్నాడు వీడు. నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను."

బాషాగారు అప్పుడే గోడ వైపు తిరుగుతున్నాడు.

"ఇటు చూడండి బాషాగారూ," అంది రెబ్కా. "ఈ ఒక్కసారికి."

మిషను బాగుపడింది. మస్తాన్‌బీ ఆ ఎండాకాలం గడిచి గట్టెక్కింది. సందులో జనం మళ్లీ నడుస్తున్నారు.

కానీ రెబ్కా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒకటి గమనించేది. అందరూ పడుకున్నాక మెట్ల మీద అడుగుల చప్పుడు… తలుపు అవతల ఎవరో నిలబడ్డట్టు… ఒక రాత్రి లేచి గడియ తీసింది. రహమతున్నీసా. తలుపుకి చెవి ఆనించి ఉంది.

దెయ్యం లేదని తేలిందిగా మామ్మగారూ, ఇంకా ఏం వింటున్నారని అడిగింది రెబ్కా.

"దగ్గినన్నాళ్లూ ఇక్కడే ఉందనుకున్నానే," అంది ముసలావిడ. "ఎప్పుడో ఒక రాత్రి గుండె చిక్కబట్టుకుని తలుపు తీసి, తప్పయిందని చెబుదామనుకున్నా…"

గదిలోంచి చల్లగాలి ఆవిడ మొహానికి తగిలింది. లోపల ఎక్కడా చప్పుడు లేదు.