శుక్రవారం సెలవు

నరసన్నపేట బజారులో గంగరాజు రొట్టెల కొట్టు తలుపుకి ఆ ఉదయం పెద్ద తాళం వేలాడుతోంది. పక్కనే ‘శుక్రవారం సెలవు’ అని సుద్దతో రాసిన పలక. చట్టమంటే ఈయనకి ఎంత భయమో అని దారిన పోయేవాళ్ళు మెచ్చుకోవాల్సిందే. దొడ్డివైపు చూస్తే కదా తెలిసేది, అక్కడ పొగగొట్టం ఎప్పటిలాగే గుప్పుగుప్పున పొగ వదులుతోంది.

కిందటి వారం లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి, కొత్త చట్టం ప్రకారం పనివాళ్ళ పేర్లు రాయాలనీ, వారానికో రోజు కొట్టు మూసి వాళ్ళకి సెలవివ్వాలనీ చెప్పి వెళ్ళాడు. పనివాళ్ళెవరూ లేరని గంగరాజు దండం పెట్టాడు. పిండి పిసికే నూకయ్య తన బావమరిది, ఇంటి మనిషి, ఇంటి మనిషికి సెలవేమిటన్నాడు. ఆరేళ్ళుగా ఆ ఇంటి మనిషి ఒక్కపూట తీరిక ఎరగడని పక్కనే నిలబడ్డ అక్క తాయారుకి తెలుసు. అయినా మొగుడి మాట కాదనలేక నోరు మూసుకుంది. ఆ పాపం ఇవాళ తగిలింది.

ఎచ్చెర్లలో నూకయ్య కూతురికి ఆ మధ్యాహ్నమే బారసాల. పుట్టి ఇరవై ఒక్క రోజులైనా తండ్రి బిడ్డ మొహం చూడలేదు. బిడ్డని ఉయ్యాల్లో వెయ్యాల్సిన మేనత్త తాయారు పొద్దున్నే తలంటుకుని తయారైంది. పది గంటల బస్సు ఎక్కాలి. పెళ్ళివారు ఆర్డరిచ్చిన బన్నులు బట్టీలోంచి దిగేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదని గంగరాజు దొడ్డితలుపు గడియ పెట్టి అడ్డంగా నిలబడ్డాడు.

నూకయ్య చేతులకంటిన పిండి దులుపుకున్నాడు.

“నానెల్తాను బావా. సెలవని బోర్డెట్టినావు కదా.”

“అది ఊరోళ్ళకిరా. నీకు కాదు.”

నూకయ్య గడియ మీద చెయ్యి వేశాడు. అంతే, గంగరాజు రొట్టెలు తీసే పొడవాటి చెక్క తెడ్డు అందుకుని ఆ చేతిమీదే కొట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు తాయారుకి వినిపించింది. రెండో దెబ్బకి ఆమె అడ్డం వెళ్ళింది. భుజం ఊడిపోయినంత నొప్పి. ఛీ, ఈయనా ఒక మనిషేనా అనిపించింది. పదహారేళ్ళ కాపురంలో మొగుడికి ఎదురు చెప్పని తాయారు, బట్టీ పక్కనున్న, బన్నులు కాల్చే ఇనుప రేకు రెండు చేతులా ఎత్తి మొగుడి మొహాన విసిరింది. నుదురు చీలి నెత్తురు కళ్ళలోకి కారింది. గంగరాజు ఆమె జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నూకయ్య రెండో చేత్తో బావ మెడ పట్టుకున్నాడు. ముగ్గురూ మైదాపిండిలో పడి దొర్లారు.

ఇంతలో ఎవరో దొడ్డితలుపు దబదబా బాదారు. తాయారు పాక్కుంటూ వెళ్ళి గడియ తీసింది. పొగ చూసి వచ్చిన ఇన్‌స్పెక్టర్ వాళ్ళ అవతారాలు చూసి నిర్ఘాంతపోయాడు. నువ్విక్కడ పనివాడివా, నిన్నెవరు కొట్టారు అని నూకయ్యనే అడిగాడు. నూకయ్య ఒక్క మాట చెబితే చాలు, గంగరాజు కోర్టు మెట్లెక్కాలి. నూకయ్య వాచిన చేతిని తువ్వాలులో దాచుకున్నాడు.

“పనోణ్ణి కాను బాబూ. ఆయన మా బావ. నానే కాలు జారి పడిపోనాను.”

తాయారు నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా గంగరాజు నేలమీద కూలబడిపోయాడు.

“పనోడే బాబూ, ఆరేళ్ళయినాది. ఆ సెయ్యి నానే ఇరగ్గొట్టినాను. ఇంటోడు, ఇంటోడు అంటూనే గొడ్డుని బాదినట్టు బాదినాను. రాసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. కేసు తప్పదనీ, ముందు కుర్రాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళమనీ చెప్పి వెళ్ళాడు. గంగరాజు తన పంచె అంచు చింపి బావమరిది చేతికి వదులుగా చుట్టాడు. తలెత్తకుండానే పెళ్ళాన్ని అడిగాడు, బారసాలకి తనని రానిస్తుందా అని. నూకయ్యే అందుకున్నాడు.

“పిల్లకి మావవి. నువ్వు రాకపోతే ఎలగ బావా?”

ఆ మాటకి గంగరాజు వెక్కివెక్కి ఏడ్చాడు. తాయారు కోపం మాత్రం చల్లారలేదు. అయినా దగ్గరికి వచ్చి, కొంగుతో మొగుడి కళ్ళలోని నెత్తురు తుడిచింది.

“రా. ఆస్పత్రికెల్లి, అట్నుంచి అటే ఎల్దాం. సెయ్యి ఎలగ ఇరిగిందని అక్కడ అందరూ అడుగుతారు. నువ్వే సెప్పాలి.”

“సెప్తాను,” అన్నాడు గంగరాజు.