వాగొడ్డు హాల్లో ఎనిమిదో మనిషి

వాగొడ్డు హాలు మంచిది కాదని మా ఎల్డన్ ఊళ్ళో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

ఊరికి ఉత్తరాన నాలుగు మైళ్ళు. జొన్నచేల మధ్య, వాగు పక్కన ఒంటరిగా ఉంటుంది. చెక్కగోడలు, తుప్పు పట్టిన రేకు కప్పు. రైతు సంఘం వాళ్ళు కట్టారు, రైతు సంఘం వాళ్ళే వదిలేశారు. పగలు వెళితే పావురాలు తప్ప ఏమీ ఉండవు. చీకటి పడ్డాక వెళితే మాత్రం... చెక్కనేల మీద అడుగుల చప్పుడు వినబడుతుందంటారు.

ఎప్పుడో ముప్పై ఏళ్ళ కింద, ఎజ్రా అనే ముసలాయన అక్కడ నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడే స్క్వేర్ డాన్సుకి, ఎవరు ఏ అడుగు వెయ్యాలో పలుకుతూ పలుకుతూ, మైకు పట్టుకునే ప్రాణం వదిలాడు. సరే, అందరూ ఏదో ఒకనాడు పోయేవాళ్ళే. కానీ ఈయన పోయింది ఆట నడిమధ్యలో! నాలుగు జంటలూ విడిపోయి, ఎవడి పెళ్ళాం ఎవడి చేతిలో ఉందో తెలియని అడుగు దగ్గర! ఈ ఆటకి ఒకటే ధర్మం — పలికేవాడు జనాన్ని ఎంత తిప్పినా, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పంపినా, చివరికి ఎవరి జోడీని వాళ్ళకి అప్పజెప్పాలి. ఎజ్రా అప్పజెప్పకుండానే వెళ్ళిపోయాడు.

అందుకని ఆ హాల్లో ఆట మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే... మిగతా అడుగులు ఎజ్రా పలుకుతాడట.

నేను నమ్ముతానా అంటారా? నేను మంగలిని. నా కుర్చీలో కూర్చున్నవాడు ఏది చెప్పినా నమ్ముతాను. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు అబద్ధమాడే ధైర్యం ఎవడికుంటుంది? ఈ కథ ఆ కుర్చీలో కూర్చుని నలుగురు వేరువేరుగా చెప్పారు. నలుగురూ ఒకేలా చెప్పారు. మా ఊళ్ళో నలుగురు ఒక్క మాట మీద ఉండటం కంటే పెద్ద వింత ఏముంది?

ఇక వినండి.

మా ఊరి డాన్సు క్లబ్బు పేరు కంచరగాడిదలు. వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు, నన్ననకండి. ఒకప్పుడు నలభై జంటలు ఆడేవి. పందొమ్మిది వందల ఎనభై నాలుగుకి ఆడేవాళ్ళు ఏడుగురు మిగిలారు. నలుగురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. అడుగులు పలికే డెల్మర్ ఎలాగూ ఆడడు. ఆయన భార్య బర్నీస్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి, ఆవిడ కాఫీ కాస్తుంది.

చదరంలో నాలుగు పక్కల నాలుగు జంటలు నిలబడాలి. ఏడుగురే ఉంటే? ఎనిమిదో చోటు ఖాళీగా వదిలి, అక్కడ మనిషి ఉన్నట్టే ఆడతారు. చేయి చాచి గాలిని పట్టుకుంటారు, గాలిని తిప్పుతారు, గాలికి వంగి నమస్కారం పెడతారు. దాన్ని దెయ్యం చోటు అంటారు. ఈ ఆట ఆడే ప్రతి ఊళ్ళోనూ ఉన్న అలవాటే, నవ్వులాటకి పెట్టుకున్న పేరే.

మావాళ్ళ దెయ్యం చోటు ఓపల్‌ది.

ఓపల్ అంటే వెండెల్ భార్య. ఆ ఏప్రిల్లో పోయింది. మొగుడూ పెళ్ళాం ముప్పై ఒక్క ఏళ్ళు కలిసి ఆడారు. ముప్పై ఒక్క ఏళ్ళూ ఆవిడ ఒకే తప్పు చేసింది. "జోడీని తిప్పండి" అనగానే లోకమంతా కుడివైపు తిరిగితే ఓపల్ ఎడమవైపు తిరిగేది. ఆవిడ మడమ వెళ్ళి వెండెల్ ఎడమకాలి బొటనవేలి మీద పడేది. పోనీ 'అయ్యో' అన్న పాపాన పోయిందా? లేదు.

"అక్కడ కాలెవరు పెట్టమన్నారు నిన్ను?" అనేది.

"తప్పయిపోయిందే తల్లీ" అనేవాడు వెండెల్.

సోమవారం పొద్దున్నే కుంటుకుంటూ నా కొట్టుకి వచ్చేవాడు. శనివారం ఆట ఎలా జరిగిందని నేనెప్పుడూ అడగలేదు. ఆ నడక చూస్తే తెలిసేది.

ఓపల్ పోయాక, "ఇంకొకావిణ్ణి ఎవరినైనా పిలుద్దామా?" అని డెల్మర్ ఒక్కసారి అడిగాడు. వెండెల్ మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు. ఆర్నెల్లు గాలితోనే ఆడాడు. అక్టోబరులో ఒకరోజు నా కుర్చీలో, ముఖం నిండా నురగతో, అద్దంలోకి చూస్తూ అన్నాడు —

"ఈ శనివారంతో సరి. నా బిళ్ళ డెల్మర్‌కి ఇచ్చేస్తాను."

బిళ్ళ అంటే క్లబ్బు వాళ్ళు చొక్కాకి పెట్టుకునే పేరు బిళ్ళ. అది ఇచ్చేశాడంటే ఇక రాడన్నమాట.

"నువ్వు మానేస్తే ఒక పక్క మొత్తం ఖాళీ కదయ్యా! చదరం ఎలా నిలబడుతుంది? క్లబ్బు మూతపడుతుంది."

"పడనీ."

"అదేంటి వెండెల్..."

"తిప్పండి అన్న ప్రతిసారీ ఈ వెధవ వేలు కాచుక్కూచుంటోంది. దాని మీద ఏదీ పడదు. నావల్ల కావడం లేదు."

చెవి కింద గీసిన చోటే మళ్ళీ గీశాను.

ఇక ఆ శనివారం సంగతి. మామూలుగా ఆడే చర్చి నేలమాళిగలో గొట్టం పగిలి మోకాల్లోతు నీళ్ళు నిలిచాయి. బడి హాల్లో కుస్తీ పోటీలు. ఖాళీగా ఉన్నది వాగొడ్డు హాలొక్కటే.

"ఆ కొంపకా?" అంది బర్నీస్. "పొద్దుపోయాక అక్కడ ఎలుకలు కూడా ఒంటరిగా తిరగవు."

"భయమెందుకే? మన దగ్గర దెయ్యానికో చోటు ఖాళీగానే ఉందిగా, వస్తే రానీ" అన్నాడు డెల్మర్.

వెండెల్ వెనకాలే ఉన్నాడని ఆ తరవాత చూసుకున్నాడు. నాలిక కరుచుకుని ఏం లాభం?

ఎనిమిదింటికి అందరూ చేరారు. పాత బల్ల మీద కాఫీ, యాపిల్ పై అనే తీపి రొట్టె పెట్టారు. వెనక గోడకి క్లబ్బు జెండా కొట్టారు. దాని మీద కంచరగాడిదని కుట్టింది ఓపలే. ఆ గాడిద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది, ఒక కన్ను రెండోదానికన్నా పెద్దది. వెండెల్ దానివైపు చూడలేదు. చొక్కాకున్న బిళ్ళ తీసి యాపిల్ పై పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఆట అయ్యాక తీసుకో" అన్నాడు డెల్మర్‌తో.

అందరికీ అర్థమైంది.

రికార్డు పెట్టారు, ఫిడేలు మోగింది. డెల్మర్ పలకడం మొదలుపెట్టాడు. వెండెల్ గాలికి వంగి నమస్కారం పెట్టాడు, గాలి చేయి పట్టుకున్నాడు. జంటలు విడిపోయాయి, చేతులు మారాయి. సరిగ్గా ఎజ్రా పోయిన అడుగు దగ్గరికే, ఎవరెక్కడున్నారో తెలియని ఆ అడుగు దగ్గరికి వచ్చేసరికి —

దీపాలు ఆరిపోయాయి.

రికార్డు మూలిగి... మూలిగి... ఆగింది.

కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. కప్పులో ఒక పావురం రెక్కలు కొట్టుకుంది.

"ఆపకు..." బర్నీస్ గొంతు, గుసగుసగా. "డెల్మర్... మధ్యలో ఆపకు... పలుకు!"

డెల్మర్ చప్పట్లు కొడుతూ, మైకు లేకుండానే అందుకున్నాడు. చీకట్లో అడుగులు కదిలాయి — ధబ్, ధబ్, ధబ్ — చెక్కనేల మీద. ఒకళ్ళ చేయి కోసం ఒకళ్ళు తడుముకుంటున్నారు.

బర్నీస్ కాఫీ బల్ల పట్టుకుని చెవులు రిక్కించింది. మా వైపు ఆడవాళ్ళు ఈ ఆటకి పొరలు పొరలుగా గంజి లోపావడాలు కడతారు. తిరిగినప్పుడల్లా గరగరమంటాయి. చదరంలో ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు.

ఒకటి... రెండు... మూడు...

నాలుగు.

బర్నీస్ మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగే.

"జోడీని..." అన్నాడు డెల్మర్, "జోడీని... తిప్పండి..."

వెండెల్ కెవ్వుమన్నాడు!

ఒక్కరూ ఆగలేదు. ఆగితే ఎజ్రా వస్తాడు కదా! చివరిదాకా ఆడారు. "ఎవరి జోడీతో వాళ్ళు... ఎవరి చోటికి వాళ్ళు..." అని డెల్మర్ ముగించాడు. చప్పుడు ఆగింది.

బర్నీస్ గోడ తడుముకుంటూ వెనక తలుపు దగ్గర స్విచ్చి డబ్బా పట్టుకుంది. మీట కిందికి లాగి ఉంది. పైకి నెట్టింది.

వెలుతురు వచ్చింది. ఏడుగురూ తమతమ చోట్లలో చెక్కబొమ్మల్లా నిలబడి ఉన్నారు. వెండెల్ కుడిచేయి ఎవరి నడుం చుట్టో వేసినట్టు ఇంకా వంపు తిరిగే ఉంది. పక్కన ఎవరూ లేరు.

"గాడిద..." అంది బర్నీస్. "గోడ మీద గాడిద ఏది?"

జెండా లేదు.

అప్పుడే... వెనక తలుపు ఎవరో కొట్టారు. టక్... టక్...

తెరిచే మొనగాడు ఎవడు? డెల్మర్‌ని అందరూ కలిసి ముందుకు తోశారు. ఆయన కళ్ళు మూసుకుని తలుపు లాగాడు.

మోకాళ్ళదాకా బురదతో ముగ్గురు ఆడవాళ్ళు. ముందున్నావిడ చంకలో చుట్టిన జెండా.

"ఏమనుకోకండి," అంది ఆవిడ, "కారు వాగు బురదలో దిగబడింది. కాస్త తోసిపెడతారా?"

ఆవిడ జెనీవా. పక్క ఊరు హాలిస్ క్లబ్బుకి రాణి. వాళ్ళ క్లబ్బు పేరు నెమళ్ళు — ఆ పేరు మాత్రం సరిగ్గా కుదిరింది. పొరుగు క్లబ్బు జెండా ఎత్తుకుపోవడం మా వైపు దొంగతనం కిందికి రాదు, సరదా కిందికి వస్తుంది. తెలివిగా స్విచ్చి లాగి, చీకట్లో జెండా పీక్కుని పోయారు, నాలుగు గజాలు వెళ్ళి బురదలో కూరుకున్నారు.

డెల్మర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఓసి దొంగముండల్లారా! గుండె ఆగి చచ్చేవాళ్ళం! అయితే మా చదరంలో దూరింది నువ్వేనన్నమాట! నాలుగో పావడా నీదేనన్నమాట!"

జెనీవాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అందరూ తనవైపు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వచ్చిన గొప్ప వదులుకునే మనిషి కాదావిడ.

"ఖాళీ చోటు కనబడితే నా కాళ్ళు ఆగవు మరి," అంది మెడ సాచి.

హాలంతా గొల్లున నవ్వింది. ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకున్నారు. బర్నీస్ యాపిల్ పై కోసింది, దొంగలకి పెద్ద ముక్కలు పెట్టింది.

వెండెల్ ఒక్కడే నవ్వలేదు. మెల్లగా జెనీవా దగ్గరికి వచ్చాడు, కుంటుతూ.

"నా చేయి పట్టుకున్నందుకు సంతోషమమ్మా," అన్నాడు. "ఆర్నెల్ల తరవాత మనిషితో ఆడాను. కానీ అదేం తిరుగుడు? ఎడమవైపు తిరిగావు. నా వేలు చితికింది."

జెనీవా చేతిలో యాపిల్ పై ముక్క ఆగిపోయింది.

"నేనా? ఎడమవైపా?"

"అవును."

"నేను... తప్పు తిరిగానా?" ఆవిడ మొహం కందగడ్డయింది. "పదకొండు పోటీల్లో నెగ్గినదాన్ని! నిద్రలో లేపి తిప్పినా కుడివైపే తిరుగుతాను! ఇంకేమైనా అను, పడతాను. ఈ తప్పు మాత్రం నా నెత్తిన రుద్దకు!"

"మరి..."

"నేనసలు మీ చదరంలోకి రానేలేదయ్యా! కుర్చీ ఎక్కి మీ గాడిదకి కొట్టిన మేకులు పీకుతున్నాను. ఇదిగో, ఇది కుర్చీ పట్టుకుంది. అది స్విచ్చి దగ్గర నిలబడింది. గొప్పకి పోయి ఒక అబద్ధమాడాను. చాలా?"

పక్కనున్న ఇద్దరూ అవునని తలలూపారు.

కాఫీ బల్ల మీద బర్నీస్ పెట్టిన చాకు అటూ ఇటూ ఊగి ఆగిపోయింది.

వెండెల్ బెంచీ మీద కూర్చుని ఎడమ బూటు విప్పాడు. మేజోడు లాగాడు. అందరూ పసిబిడ్డని చూసినట్టు వంగి చూశారు. బొటనవేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టి నల్లబడుతోంది. దాని మీద అర్ధచంద్రంలా మడమ ముద్ర.

"వెండెల్..." అంది బర్నీస్. "ఏమైనా... ఏమైనా అందా?"

ఆయన కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి. నొప్పికే అని డెల్మర్ ఇప్పటికీ వాదిస్తాడు.

"అక్కడ కాలెవరు పెట్టమన్నారు నిన్ను, అంది."

ఆ తరవాత ఆయన బూటు తొడుక్కుని, బల్ల దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, యాపిల్ పై పళ్ళెం పక్కనున్న బిళ్ళ తీసి చొక్కాకి పెట్టుకున్నాడు. అందరూ కలిసి కారు తోశారు. జెనీవా జెండాని కుర్చీ మీదే వదిలేసి వెళ్ళింది. ఆ గాడిద నా కారులో వద్దు, మీరే ఉంచుకోండి అందట.

సోమవారం పొద్దున్న వెండెల్ నా కొట్టుకి కుంటుకుంటూ వచ్చాడు. గడ్డం గీస్తుంటే ఇదంతా చెప్పాడు. చర్చి గొట్టం బాగుచేశారట, అయినా ఇక మీదట వాగొడ్డు హాల్లోనే ఆడతారట. మంగలికి సలహా చెప్పకపోతే పొద్దుపోదు.

"ముక్కుకి ఉక్కు పెట్టిన బూట్లు దొరుకుతున్నాయి వెండెల్," అన్నాను. "ఒక జత కొనుక్కోరాదూ?"

"దేనికి?" అన్నాడు.

శనివారం సాయంత్రం ఆయన నా కొట్టు ముందు నుంచి వెళుతుంటే చూశాను. గుడ్డ బూట్లు వేసుకున్నాడు.