కాగితం చెప్పులు

"మావాడు పొగ తాగడు, గొంతెత్తడు, ఇల్లు కదలడు," అంది గెంగ్ అవ్వ, నల్ల గొడుగు పక్కన కూర్చుని.

చైనాలోని తైయువాన్ ఊరి పార్కులో ఆదివారం పెళ్ళిసంత. పిల్లల వయసూ జీతమూ రాసిన కాగితాలు గొడుగులకు అంటించి తల్లులు కాపలా కాస్తారు. సూయున్ తల్లికి ఇరవైతొమ్మిదేళ్ళ కూతురంటే గడువు దాటిన పాలప్యాకెట్టు. అంత నెమ్మదస్తుడు దొరికాడని మురిసిపోయి, కూతురు పుట్టిన ఘడియ రాసిన ఎర్రకాగితం అక్కడికక్కడే ఇచ్చేసింది.

మంగళవారం పార్సిలొచ్చింది. లోపల ఎర్రచెప్పుల జత. కాగితంతో చేసినవి. పోయినవాళ్ళ కోసం కాల్చే కాగితం. కొలత మాత్రం సూయున్ పాదానికి సరిగ్గా ఉంది.

తల్లి ఆ చెప్పుల్ని దూరంగా నెట్టేసింది. "పెళ్ళికొడుకు పోయినవాడే! ఆ ఎర్రకాగితం వాళ్ళింట ఉన్నన్నాళ్ళూ నువ్వు వాళ్ళ కోడలివే. ఇంకెవడు నిన్ను కట్టుకున్నా బతకడు."

సూయున్ ఇంగ్లీషు ట్యూషన్ సెంటర్లో అసిస్టెంటు. ఎవరో పాత అసిస్టెంటు వదిలివెళ్ళిన నీలం నోటుపుస్తకాలు చూసి ఆమె పాఠం రాస్తే, మిలోష్ చదువుతాడు. గోడమీద అతని ఫొటో కింద 'లండన్ మాస్టారు' అని ఉంటుంది. అతనిది సెర్బియా. అక్కడ రొట్టెల వ్యాను నడిపేవాడు. తెల్లమొహం ఉంటే చాలు, తల్లిదండ్రులు క్యూ కడతారు. చదువుకున్నవాడు పక్కన నిలబడి చాక్‌పీసులందిస్తాడు. లోకం రివాజే అంత.

"దొరగారూ, నాకు పెళ్ళి కుదిరింది."

అతని చేతిలో టీ కప్పు ఆగిపోయింది. "ఎవడు వాడు?"

"పోయినవాడు."

"అమ్మయ్య!"

ఆమె చెప్పుల పెట్టె తెరిచింది. అతని నవ్వు ఆరిపోయింది. "పద, కాగితం అడిగి తెచ్చుకుందాం. నేనూ వస్తా."

"నా పక్కనున్న మగాడు బతకడట."

"నువ్వు పక్కన లేకపోతే ఎలాగూ బతకను. పాఠం ఎవరు రాసిస్తారు?"

పార్సిలు మీది చిరునామా పట్టుకుని వెళ్ళారు. తలుపు తట్టకముందే గెంగ్ అవ్వ తీసింది. బల్లమీద మూడు గిన్నెల్లో నూడుల్స్ పొగలు కక్కుతున్నాయి. నాలుగోది నల్లచట్రం ఫొటో ముందు. "ఇద్దరొస్తారని మావాడు చెప్పాడులే."

ఫొటో పక్కన నీలం నోటుపుస్తకాలు. సూయున్ ఒకటి తెరిచి చూసింది. రోజూ తను చూసి రాసే వాలుదస్తూరీ అది.

"ఇంగ్లీషు వాడికి మంచినీళ్ళప్రాయం. మొహం మనది కదా, పాఠం చెప్పనివ్వలేదు. దొరల వెనక నిలబడి నిలబడే పోయాడు." అవ్వ మిలోష్ వైపు తిరిగింది. "నువ్వు నిజంగా మాస్టారువేనా నాయనా?"

అవునను అన్నట్టు సూయున్ అతని చెయ్యి గిల్లింది.

"కాదవ్వా. నీ కొడుకు పాఠాలు నా మొహంతో అమ్ముకున్నాను. రేపు పిల్లల తల్లిదండ్రులకు చెప్పేస్తాను. దేశంలోంచే వెళ్ళగొడతారు, పోతాను. ఈ పిల్లను మాత్రం వదిలెయ్యి. నాకు కావాలి."

"ఆ ముక్క ముందు నాకు చెప్పాలని తెలీదూ?" అంది సూయున్, కళ్ళు తుడుచుకుంటూ.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అగరొత్తి పొగ మాత్రం మిలోష్ వైపు వంగి లేచింది, ఎవరో తలూపినట్టు. అవ్వ ఫొటో వెనకనుంచి ఎర్రకాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"సరేనన్నాడు. చల్లారకముందు తినండి."

మెట్లు దిగుతూ సూయున్ అడిగింది, "మీ ఊళ్ళో చలెక్కువా?"

జవాబు చెప్పబోతూ అతను కాగితం తిప్పాడు. వెనక అదే వాలుదస్తూరీ.

'ఇక నీ మాట నువ్వే మాట్లాడు. ఈమెను జాగ్రత్తగా చూసుకో.'

మిలోష్ బొటనవేలికి సిరా అంటుకుంది. ఇంకా ఆరలేదు.