సొట్ట డబ్బా

"ఇవాళ ఏదో ఒకటి జరుగుద్దిరా చిన్నబాబూ. పొద్దుట్నుంచి నా కుడికన్ను ఒకటే అదురుతా ఉండాది."

"నిన్న ఎడమకన్ను అదిరిందన్నావు గదమ్మా! అది మంచిదేగా?"

"అది దోమ కుట్టి."

వనజాక్షి భయాలకు ఆ ఇంట్లో ఎవరూ బెదరరు. కానీ ఇవాళ భయపడటానికి కారణం ఉంది. పోర్టు రోడ్డులో కొత్తగా వెలిసిన రొయ్యల కంపెనీ ఐసు కాంట్రాక్టు ఒక్కరికే ఇస్తుంది. వారం రోజుల ట్రయల్‌లో ఒక్క పూట లోడు తప్పినా అవుట్. ఇవాళే ఆఖరి రోజు.

పోటీలో మిగిలింది ఆమె భర్త ముత్యాలయ్య, ఎదురు ఫ్యాక్టరీ కామాక్షయ్య. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే ఐసు ఫ్యాక్టరీ. కామాక్షయ్య విడిపోయి రోడ్డుకు అవతల సొంతంగా పెట్టుకున్నాక ఆరేళ్ళుగా మాటల్లేవు.

మధ్యాహ్నం కొడుక్కి క్యారేజీ పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిన వనజాక్షి గుండె ఆగినంత పనయింది. వెనక గేటు దగ్గర కామాక్షయ్య వ్యాను! పక్కన, సన్నటి వానలో, అతని కూతురు వెన్నెల.

"మా కంప్రెసర్ పోయింది. మెకానిక్ సాయంత్రం గానీ రాడు. మూడింటికి లోడు పోవాల," అంటోంది వెన్నెల.

"పోకపోతే మాకే లాభం గదా?" అన్నాడు చిన్నబాబు.

"తెలుసు. అందుకే అడగలేక అరగంట నుంచి తడుస్తా ఉండా."

"చేతిలో గొడుగు పెట్టుకునా తడిసేది? బీటెక్‌లో గొడుగు తెరిచేది నేర్పలా?"

వెన్నెల ఉక్రోషంగా గొడుగు తెరిచింది. సగం తన మీద, సగం అతని మీద. "ఇస్తావా, ఇవ్వవా?"

"నిన్ను ఓడించాలంటే నీ మెషిను ఆడతా ఉండగానే ఓడిస్తా. బండి వెనక్కి తియ్యి."

"మీ నాన్నకి తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తాడురా!" వనజాక్షి పరుగున వచ్చి కొడుకు చొక్కా పట్టుకుంది.

"నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారమ్మా?"

చెప్పింది ఐసే.

సాయంత్రం వాన పడుతుండగానే కామాక్షయ్య ఆటోలో వచ్చి, గోనెపట్టాలో చుట్టిన ఐసు దిమ్మను వాళ్ళ వరండాలో దించాడు. వెనకాలే వెన్నెల, తల వంచుకుని, వాకిట్లోనే వానలో నిలబడింది.

"కంపెనీలో లోడు దించతా ఉంటే చూసినా బావా. మూల సొట్ట చూడు. ఐసు కట్టే నా డబ్బాల్లో ఒక్కదానికీ సొట్ట లేదు. ఇది నీ ఫ్యాక్టరీది."

ముత్యాలయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు తల్లి వైపు చూశాడు. వనజాక్షి వెంకటేశ్వరస్వామి పటం వైపు చూసింది.

"ఉన్నమాట కంపెనీలో చెప్పేసి వచ్చినా. కాంట్రాక్టు నీదే," అన్నాడు కామాక్షయ్య. "ఇంకోమాట. నీ కొడుకు చేసింది చెప్పేటప్పుడు నా బిడ్డ మొహం చూసినా. నాకు అర్థమయింది. దీన్ని మీవాడికి చేసుకుంటావా బావా?"

ముత్యాలయ్య కుర్చీలో కూర్చుని ఆ సొట్టనే చూస్తున్నాడు.

ఐసు కరుగుతోంది. నీళ్ళు వరండా దాటి మెట్ల మీదికి జారాయి. వనజాక్షికి అన్నీ కళ్ళముందు మెదిలాయి: ఈయనకి బీపీ పెరగడం, కుర్చీ లేవడం, కొడుకు బ్యాగు సర్దుకోవడం. చిన్నబాబు వెన్నెలనే చూస్తున్నాడు. వెన్నెల ఐసును చూస్తోంది. దిమ్మ మూలలు అరిగాయి. కామాక్షయ్య నిట్టూర్చి చెప్పులు వేసుకోబోయాడు.

అప్పుడు ముత్యాలయ్య లేచి, అరిగిపోతున్న ఆ సొట్టను వేలితో తడిమాడు.

"ఈ డబ్బా పారెయ్యమని వనజ ఆరేళ్ళుగా పోరతా ఉండాది. మనం ఫ్యాక్టరీ పెట్టిన మొదటిరోజు నువ్వు కిందేసి సొట్ట పెట్టిన డబ్బా. ఎట్టా పారేసేది కామాక్షయ్యా? రేపు ఇద్దరం పోయి, రెండు ఫ్యాక్టరీలూ ఒకటేనని కంపెనీలో చెప్దాం. వనజా, చూస్తా నిలబడ్డావేంది? తువ్వాలు తీసకరా. కోడల్ని వాకిట్లో తడిపేది యాడన్నా ఉందా?"