బురదబాబు బట్టల సంచి

“మన బురదబాబు గెలిచాడే!”

లాండ్రీ షట్టరు ఇంకా సగమే లేచింది. ఆ సగం కిందనుంచే వంగి దూరి, వాచిన బుగ్గని ఒక చేత్తోనూ ఫోన్ని మరో చేత్తోనూ పట్టుకుని, పక్క కొట్టు టైలరు పిన్ని ఈ కబురు తెచ్చి పడేసింది.

చిటపట చేతిలోని ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగిపోయింది.

“నిజంగానా పిన్నీ? ఆ చివరి గుట్ట కూడా ఎక్కేశాడా?”

“ఎక్కేశాడట! జీపుల పోటీలో, కొత్తగా నేర్చుకున్నవాళ్ళలో ఫస్టు. ఇదిగో, వాళ్ళ క్లబ్బువాళ్ళు పెట్టిన ఫొటో. వీధంతా చూసేసింది.”

ఫొటోలో చక్రాల నుంచి పైకప్పు దాకా ఎర్రమట్టి పూసుకున్న జీపు. దాని పక్కన అదే మట్టి పూసుకున్న మనిషి. పళ్ళొక్కటే తెల్లగా మెరుస్తున్నాయి. పళ్ళ డాక్టరు కదా మరి!

చిటపట ఉన్నచోటే ఒక్క గెంతు గెంతింది. వెనకున్న హ్యాంగర్లు గలగలా కిందపడ్డాయి. కౌంటరు దగ్గర నాన్న కళ్ళజోడు మీదనుంచి చూశాడు.

గెంతిన కాళ్ళు నేలకి ఆనేలోపే ఆమె మొహం మారిపోయింది.

“వీధంతా చూసిందా? అయితే నాకెందుకు చెప్పలేదు?”

చిటపట అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. వేడి ఇస్త్రీపెట్టె మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో, ఆమెకి కోపమొస్తే అదే అవుతుంది. చప్పుడు ఎక్కువ, ఆవిరి ఎక్కువ. చుక్క మాత్రం ఇట్టే మాయం.

బురదబాబు అన్నది ఆమె పెట్టిన పేరు. అతను ఎదురుగా ఉన్న క్లినిక్కుకి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక వానలో, తలనుంచి కాళ్ళదాకా బురదతో లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు.

“మురుగు కాలవ పనికొచ్చావా బాబూ? మూత వెనకవైపుంది” అన్నాడు నాన్న.

“కాదండీ. బట్టలు ఇద్దామని.”

“ఏవీ?” అంది చిటపట.

“ఒంటిమీదవే.”

“ఇది లాండ్రీ అండీ! లారీలు కడిగే చోటు కాదు!”

అలా మొదలైంది. అప్పట్నుంచీ వారం వారం రెండు సంచులు. ఒకదాన్నిండా మల్లెపువ్వుల్లాంటి తెల్లకోట్లు. రెండోదాంట్లో, దొర పక్కన దొంగలా, జీపు వేసుకుని కొండలూ గుట్టలూ ఎక్కినప్పటి బట్టలు. మరకల్ని బట్టే చిటపట అతన్ని తెలుసుకుంది. మోకాళ్ళ దాకా నల్లబురద ఉంటే, బండి దిగబడిపోయి ఎవరో తాడు కట్టి లాగారన్నమాట. ఆ రోజు అతను తలెత్తి మాట్లాడడు. కాలర్లో ముల్లు ఉంటే, దిగి ముందు దారి చూసొచ్చాడన్నమాట. బట్టలు నానబెట్టే ముందు జేబులు తడమడం లాండ్రీలో మొదటి పని. ఇతని జేబుల్లో గులకరాళ్ళు, నట్లు, బోల్టులు. ఒకసారి బతికున్న నత్త.

“ఎందుకండీ ఈ పిచ్చి? అంత శ్రమపడి రోడ్లు వేసిందెందుకు?” అని నత్తని చేతిలో పెడుతూ నిలదీసింది.

“రోడ్డు మీద బండి నన్ను మోసుకుపోతుందండీ. రోడ్డు లేనిచోట అదీ నేనూ మాట్లాడుకుంటూ వెళ్ళాలి. వేగం పనికిరాదు. టైర్లలో కొంచెం గాలి తీస్తే మెత్తబడి నేలని పట్టుకుంటాయి.” ఆమెకేసి ఓరగా చూశాడు. “కొందరు మనుషులక్కూడా ఆ పద్ధతి పనికొస్తుందేమో.”

“ఎవరికి?”

“నత్తకండీ” అని జారుకున్నాడు.

ఆ రోజంతా చిటపట ఇస్త్రీ చేస్తూ నవ్వుకుంది. నవ్వుకున్నందుకు తనమీద తనే మండిపడింది.

పోయిన వారం మాత్రం నోరు జారింది. బురదకి తోడు గ్రీజు కూడా పూసుకొచ్చిన చొక్కాని రెండు వేళ్ళతో పైకెత్తి, “మిమ్మల్ని కట్టుకోబోయేది ఎవరోగానీ, పాపం, జన్మంతా బకెట్టు ముందే!” అంది.

అతను ఎప్పట్లా నవ్వలేదు. “అంతేనంటారా?” అని వెళ్ళిపోయాడు.

ఆ మాట గుర్తొచ్చి చిటపట ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. “నాన్నా, ఈ వారం సంచి ఇచ్చాడా?”

“పొద్దున్నే నా చేతిలో పెట్టి పరిగెత్తాడమ్మా. నువ్వే చూడాలన్నాడు.”

సంచి విప్పింది. పైన చొక్కా, కింద ప్యాంటు. ఎర్రకొండ ఎక్కినవాడి బట్టల మీద ఒక్క మరక లేదు! శుభ్రంగా ఉతికి, సగం ఆరీ ఆరకుండానే మడతపెట్టి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. గుప్పుమని గులాబీల వాసన.

“ఎవరో ఉతికారు!”

“గులాబీ వాసనా?” పిన్ని నొప్పి మర్చిపోయి దగ్గరికి జరిగింది. “మగవాడి ఇంట్లో సబ్బు కాదే ఇది. ఎవరో ఉన్నారు.”

“ఎవరుంటే నాకేం పిన్నీ! ఇన్నాళ్ళూ నత్తలు ఏరింది నేను. గ్రీజు వదిలించింది నేను. తీరా గెలిచాక ఇంకెవరికో ఇస్తాడా? అవి నా మరకలు నాన్నా!”

“మరకలక్కూడా హక్కుదారులుంటారా తల్లీ?” అన్నాడు నాన్న.

చిటపట ఆ సంచిని మూలకి నెట్టేసింది. పిన్ని పన్ను చూపించుకోవడానికి క్లినిక్కుకి వెళ్ళింది. చిటపట ఒకే చేతిరుమాలుని ముందొకసారి, వెనకొకసారి, మళ్ళీ ముందొకసారి ఇస్త్రీ చేసింది. ఇక ఆగలేక, ఆ చొక్కా లాక్కుని రోడ్డు దాటింది.

క్లినిక్కు లోపలి గదిలో పిన్ని కుర్చీలో వాలి ఉంది. నోరు పూర్తిగా తెరిచి, అందులో దూది ఉండలు, పెదవికి తగిలించి నీళ్ళు పీల్చే గొట్టం. డాక్టరు అటు తిరిగి ఏదో సర్దుకుంటున్నాడు.

“ఎవరండీ ఆవిడ?”

“ఏ ఆవిడండీ?” అతను తిరగకుండానే అడిగాడు.

“ఈ చొక్కా ఉతికిన గులాబీలావిడ! మీకు మా లాండ్రీ నచ్చకపోతే మొహానే చెప్పాలి. నా నోరు నచ్చకపోయినా మొహానే చెప్పాలి. అంతేగానీ ఇలా దొంగతనంగా...”

అతను ఇటు తిరిగాడు.

అతని ఒంటిమీద ఉన్నది తెల్లకోటు కాదు. ఒకప్పుడు తెల్లకోటు. ఇప్పుడు లేత ఇటుకరంగులో, జేబు దగ్గర ముదురుగా, భుజాల దగ్గర చారలు చారలుగా, ఇంకా తడి ఆరకుండా వేలాడుతోంది.

“ఆ కోటుకేమైంది?”

“కొంచెం... రంగు దిగిందండీ.”

“కొంచెమా! ఎర్రమట్టి చొక్కాతో కలిపి తెల్లకోటు నానబెట్టావా నువ్వు? బుద్ధుందా నీకు?”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయిన సంగతి ఆమె గమనించలేదు. పిన్ని గమనించింది. “ఆఁ!” అంది, దూది వెనకనుంచి.

“మీరు నోరు కదపకండి” అన్నాడు డాక్టరు పిన్నితో.

మూలనున్న వాష్‌బేసిన్ చుట్టూ ఎర్రటి మట్టి చార. దాని పక్కన చేతులు కడుక్కునే సబ్బు సీసా ఖాళీగా పడుంది. సీసా మీద గులాబీ బొమ్మ.

చిటపట ఆ సీసాని చూసింది. అతని వేళ్ళ కణుపులు చూసింది. రుద్ది రుద్ది తోలు లేచిపోయింది.

“నువ్వే ఉతికావా? ఎందుకు?”

“మీరే అన్నారుగా, నన్ను కట్టుకునేవాళ్ళకి జన్మంతా బకెట్టేనని. అందుకని, అడిగేముందు, బకెట్టు సంగతి నేను చూసుకోగలనని చూపిద్దామనుకున్నాను.”

“ఏం అడిగేముందు?”

నీళ్ళు పీల్చే గొట్టం గుర్రుమంది.

చిటపట బుగ్గలు వేడెక్కాయి. కోపం మాత్రం వదలబుద్ధి కాలేదు. “సరే, మరి గెలిచానని వీధంతటికీ చెప్పి నాకొక్కదానికే...”

“అందరికంటే ముందు మీకే చెప్పాను! జేబులో పెట్టి పంపాను. మీరు ముందు జేబులే కదా చూస్తారు. పొద్దున్నుంచీ ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. మీరు నాన్నగారి మీద అరుస్తున్నారేగానీ జేబు చూడరే!”

నిజమే. ఎన్నడూ మరవని పని, ఇవాళ ఒళ్ళు మండి మరిచిపోయింది.

అప్పుడే తలుపు తోసుకుని నాన్న వచ్చాడు. “డాక్టరు గారూ, మీ ప్యాంటు జేబులో ఇది దొరికింది” అని అరచెయ్యి చాపాడు.

చిటికెనవేలంత బంగారురంగు పార.

“బహుమతి అదేనండీ,” అన్నాడతను చిటపటతో. “బురదలో ఇరుక్కున్నవాడికి ముందు కావలసింది పారే కదా. అది మీకే.”

ఆమె అందుకోలేదు. వద్దనలేదు కూడా.

“చివరి గుట్ట దగ్గర బండి ముక్కు పైకి లేచిపోతుంది. ముందున్న నేల కనపడదు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపి దారి చూపించే మనిషిని నమ్మి ఎక్కాలి. ఆ మనిషి ఒక్కరే ఉండాలి, ఇద్దరు ఊపితే గోతిలోకే. నిన్న క్లబ్బు పెద్దాయన నిలబడ్డారు. ఎక్కేశాను. పైకెళ్ళి చూస్తే అందరూ చప్పట్లు కొడుతున్నారు. ‘ఆ చొక్కా చూడు, ఏం చేసుకొచ్చావో!’ అని తిట్టేవాళ్ళు లేరు. గెలిచినట్టే అనిపించలేదండీ.” ఒక అడుగు ముందుకేశాడు. “ఇకమీదట నా ముందు మీరు నిలబడతారా? ఎప్పటికీ?”

చిటపట కళ్ళు చెమర్చాయి. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

“అడగడం ఇలాగేనా? పిన్ని నోట్లో దూది కుక్కి?”

“దూది ఉన్నప్పుడే అడగాలండీ. లేకపోతే మీకంటే ముందు వీధికి తెలిసిపోతుంది.”

నాన్న నవ్వాపుకోలేక గోడకేసి తిరిగాడు. “నాకేం అభ్యంతరం లేదు బాబూ. ఒక్కటే షరతు. ఈ జన్మలో నువ్వు తెల్లబట్టలు ముట్టుకోకూడదు.”

చిటపట నాన్న చేతిలోంచి పార తీసుకుని, కొంగున ముడివేసుకోకుండా, తను తెచ్చిన అతని చొక్కా జేబులో భద్రంగా వేసుకుంది. జేబుని ఒకసారి తడుముకుంది.

“రేపు క్లినిక్కుకి సెలవేగా?”

“అవునండీ.”

“అయితే రేపు పొద్దున్నే ఆ గుట్టకే పోదాం. చెయ్యి నేనూపుతాను. ఎడమంటే ఎడమ, ఆగంటే ఆగాలి. ఎదురు మాట్లాడితే నడిచి ఇంటికొచ్చేస్తాను.”

“అలాగేనండీ.”

“అండీ ఏంటి?”

అతను ఇటుకరంగు కోటులో సిగ్గుతో తనూ ఇటుకరంగుకి తిరిగాడు. “అలాగే... నువ్వెలా అంటే అలాగే.”

పిన్ని ఇక పట్టలేకపోయింది. దూది ఉండలు తీసి పక్కన పడేసింది. “నేనూ వస్తాను! వెనకసీటు నాది!”

“వెనకసీటు నాది. నువ్వు సందులో కూర్చో” అన్నాడు నాన్న. లాండ్రీకి తిరిగెళ్ళి, రేపు షాపు లేదని షట్టరు మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో రాసేశాడు కూడా.

చిటపట గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి వేలు చూపించింది.

“రేపు పొద్దున కొండ. సాయంత్రం బకెట్టు. రెండిటికీ ఇద్దరం. తెల్లవి మాత్రం వేరేగా!”